క్లెయిమ్ ముగిశాక పనిలోకి: గాయపడిన కార్మికుల అనుభవాలను సర్వే చేసే పద్ధతి

పని చేస్తూ గాయపడి, నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకుని, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ విధుల్లో చేరిన కార్మికుడి గురించి క్లెయిమ్ ఫైలులో చివరగా కనిపించేది సాధారణంగా ఒక తేదీ మాత్రమే. ఆ తేదీన అతను పనికి వచ్చాడు, వేతన నష్టానికి ఇచ్చే చెల్లింపులు ఆగిపోయాయి, ఫైలు మూతపడింది. ఆ తరువాత ఆ పనిలో నిలబడగలిగాడా, నొప్పిని ఓర్చుకుంటూ నెట్టుకొచ్చాడా, మూడు వారాలకే మళ్లీ సెలవు పెట్టాల్సి వచ్చిందా, పాత పని దక్కిందా లేక ఎవరికీ అక్కర్లేని పని ఒకటి చేతిలో పెట్టారా అన్న సంగతులు ఫైలుకు తెలియవు. అవి తెలియాలంటే ఆ మనిషిని అడగడం ఒక్కటే మార్గం. సర్వే జరిపేది కార్మిక సంఘమైనా, బీమా సంస్థ అయినా, పరిశోధన బృందమైనా, యాజమాన్యమే అయినా, ఆ అడగడం ఎలా ఉండాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మొదట తేల్చుకోవలసింది "తిరిగి రావడం" అన్న మాటకు మనం ఇచ్చే అర్థం. ఆస్ట్రేలియాలో జాతీయ స్థాయిలో జరిగే సర్వే ఈ విషయంలో రెండు వేర్వేరు కొలతలు వాడుతుంది. గాయపడ్డాక ఎప్పుడో ఒకసారి పనిలో చేరినవారి శాతం ఒకటి, చేరి, సర్వే జరిగే నాటికి కూడా పనిలో ఉన్నవారి శాతం రెండవది. మొదటి సంఖ్య ఎప్పుడూ రెండవదానికంటే తక్కువ కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే చేరి నిలవలేకపోయిన మనుషులంతా ఉంటారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో గాయాల వల్ల శాశ్వత వైకల్యం కలిగిన కార్మికుల వివరాలను పరిశీలించి 1995లో ప్రచురించిన ఒక పరిశోధన కూడా ఇదే చెప్పింది: మొదటిసారి పనిలో చేరడాన్ని విజయానికి కొలమానంగా తీసుకోకూడదు, ఎందుకంటే చాలామంది ఆ తరువాత మళ్లీ మళ్లీ పనికి దూరమయ్యారు. అందువల్ల ప్రశ్నావళిలో "మీరు తిరిగి పనిలో చేరారా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకుండా, చేరిన తేదీ, ఆ తరువాత ఇదే గాయం కారణంగా ఆగిపోయిన సందర్భాలు, ప్రస్తుత స్థితి, ఈ మూడింటినీ విడివిడిగా అడగాలి.

ఏ పనికి తిరిగి వచ్చారన్నది కూడా అంతే ముఖ్యం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో ఆమోదించిన 121వ ఒడంబడిక, గాయం వల్ల వైకల్యం పొందిన మనిషిని వీలైనంతవరకు మునుపటి పనికే సిద్ధం చేయాలని, అది సాధ్యం కాకపోతే అతని శక్తిసామర్థ్యాలకు తగిన మరో ఉపాధికి సిద్ధం చేయాలని, అందుకు పునరావాస సేవలు అందించాలని చెబుతుంది. ఈ వాక్యం సర్వే చేసేవారి చేతికి మంచి కొలబద్దను ఇస్తుంది. అదే యజమాని దగ్గర అదే పనా, అదే యజమాని దగ్గర వేరే పనా, వేరే యజమాని దగ్గరా, సొంతంగా ఏదైనానా, అసలు పని లేదా? గంటలు తగ్గాయా, జీతం తగ్గిందా, నైపుణ్యానికి తగిన పనేనా? వీటికి సమాధానాలు లేకుండా "నూటికి ఇంతమంది తిరిగి వచ్చారు" అని ప్రకటించే నివేదిక నా దృష్టిలో అసంపూర్ణం మాత్రమే కాదు, చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది కూడా.

ఎవరిని అడగాలి

క్లెయిమ్‌ల జాబితా చేతికి రాగానే అందులోంచి కొన్ని పేర్లు ఏరుకుని ఫోన్లు మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఆ జాబితా ఎలా తయారైందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఒక సంవత్సరంలో కొత్తగా ఆమోదం పొందిన క్లెయిమ్‌లన్నీ తీసుకుంటే, అందులో ఎక్కువ భాగం కొద్ది రోజుల సెలవుతో ముగిసిన చిన్న గాయాలే ఉంటాయి. సగటు చూస్తే పరిస్థితి హాయిగా ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి భిన్నంగా, ఈ రోజుకు ఇంకా చెల్లింపులు కొనసాగుతున్న క్లెయిమ్‌లను మాత్రమే తీసుకుంటే, ఎక్కువ కాలం సాగినవే ఆ జాబితాలో పేరుకుని ఉంటాయి కాబట్టి చిత్రం మరీ చీకటిగా కనిపిస్తుంది. రెండూ నిజమే, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. నేను సూచించే మార్గం ఏమిటంటే, ఒక నిర్ణీత కాలంలో గాయపడినవారందరినీ తీసుకుని, పనికి దూరంగా ఉన్న రోజులను బట్టి వారిని వర్గాలుగా విడగొట్టి, దీర్ఘకాలం దూరంగా ఉన్నవారిని వారి నిష్పత్తికంటే ఎక్కువగా ఎంపిక చేసుకోవాలి. లెక్క కట్టేటప్పుడు తగిన భారాలు వేసి, అంటే ఎక్కువగా ఎంపికైన వర్గం సమాధానాలకు ఆ మేరకు తక్కువ విలువ ఇచ్చి, ఆ అసమానతను సరిదిద్దవచ్చు.

జాబితాలో లేనివారి గురించి మరింత శ్రద్ధగా ఆలోచించాలి. క్లెయిమ్ తిరస్కరణకు గురైనవారు, ఒకేసారి కొంత మొత్తం తీసుకుని రాజీ చేసుకున్నవారు, విసిగిపోయి మధ్యలోనే విడిచిపెట్టినవారు, ఉద్యోగం పోతుందన్న భయంతో అసలు క్లెయిమే పెట్టనివారు, గాయం తరువాత సంస్థ మారినవారు, వీరందరూ యాజమాన్యం లేదా బీమా సంస్థ ఇచ్చే జాబితా నుంచి సులువుగా జారిపోతారు. మధ్యవర్తి సంస్థ ద్వారా తాత్కాలికంగా పని చేసినవారి విషయంలో ఇంకో చిక్కు ఉంది: వారు "తిరిగి వెళ్లవలసిన" యజమాని ఎవరు, జీతం ఇచ్చినవారా, పని చేయించుకున్నవారా? తిరస్కరించిన క్లెయిమ్‌ల జాబితాను తప్పనిసరిగా అడిగి తీసుకోవాలి. క్లెయిమ్ పెట్టనివారిని చేరడానికి సంఘాలు, వైద్యశాలలు, న్యాయ సహాయ కేంద్రాల సాయం తీసుకోవచ్చు. కానీ వారి సమాధానాలను జాబితా నుంచి ఎంపిక చేసినవారి సమాధానాలతో కలపకుండా వేరుగా చూపాలి, ఎందుకంటే వారిని ఎంపిక చేసిన పద్ధతి వేరు.

ఎంతమంది కావాలన్నదానికి ఒక సాధారణ లెక్క ఉంది. పెద్ద జనాభాలో ఒక శాతాన్ని 95 శాతం విశ్వాసంతో (అంటే ఇలాంటి సర్వే 100 సార్లు చేస్తే దాదాపు 95 సార్లు సరిపోయేలా), అటూ ఇటూ 5 శాతం పరిధిలో అంచనా వేయాలంటే దాదాపు 384 పూర్తయిన సమాధానాలు కావాలి. మొత్తం కార్మికులే 500 మంది అయితే దాదాపు 217 సరిపోతాయి. ఇవి పూర్తయిన సమాధానాల సంఖ్యలని మరచిపోకూడదు. సంప్రదించిన ప్రతి 100 మందిలో 40 మందే జవాబిస్తారని అనుకుంటే, 384 కోసం 960 మందిని సంప్రదించాలి. వెన్ను గాయాలనూ చేతి గాయాలనూ పోల్చాలనుకుంటే ఒక్కో వర్గానికి సరిపడా సమాధానాలు ఉండాలి. అంత పెద్ద సర్వే చేసే స్తోమత లేకపోతే, 30 మందితో సావధానంగా ముఖాముఖి మాట్లాడి, దాన్ని శాతాలుగా మార్చకుండా ఉన్నదున్నట్టు చెప్పడం మేలు.

ఎప్పుడు అడగాలి

గాయమైన వెంటనే అడిగితే చెప్పడానికి ఇంకా ఏమీ ఉండదు, మరీ ఆలస్యంగా అడిగితే జ్ఞాపకం మసకబారుతుంది. మనుషులు గత సంఘటనలను ఉన్న తేదీకంటే దగ్గరగా జరిగినట్టు గుర్తు చేసుకునే అలవాటును సర్వే పరిశోధకులు 1964 నుంచే కొలిచి చూపించారు. పనికి తిరిగి వచ్చే ప్రయాణాన్ని పరిశోధకులు 2005లో నాలుగు దశలుగా వివరించారు: పనికి దూరంగా ఉండడం, మళ్లీ ప్రవేశించడం, నిలదొక్కుకోవడం, ముందుకు ఎదగడం. ఒక్కసారి చేసే సర్వే వీటిలో ఒకటి రెండు దశలనే పట్టుకోగలదు. వీలుంటే గాయమైన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదిన్నరకు మరోసారి అదే మనుషులను అడగాలి. ఒక్కసారే సాధ్యమైతే కాగితంపై నెలల వారీగా గీసిన ఒక కాలపట్టిక ముందు పెట్టుకుని, పండుగలు, కుటుంబ శుభకార్యాలు, పిల్లల పరీక్షలు వంటి గుర్తులను ఆసరాగా చేసుకుంటూ, గాయం, చికిత్స, మొదటి చేరిక, మళ్లీ ఆగిపోవడం ఏ నెలల్లో జరిగాయో కార్మికుడితో కలిసి నింపుకుంటూ వెళ్లాలి. ఈ చిన్న ఏర్పాటు జవాబుల నాణ్యతను ఎంత పెంచుతుందో చేసి చూసినవారికే తెలుస్తుంది.

నమ్మకం

మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువగా చెబుతాను. క్లెయిమ్ పెట్టిన కార్మికుడు అప్పటికే అనేకమందికి తన కథ చెప్పి ఉంటాడు: సూపర్‌వైజర్‌కు, వైద్యుడికి, బీమా అధికారికి, మరో వైద్యుడికి, కొన్నిసార్లు న్యాయవాదికి, విచారణాధికారికి. వారిలో కొందరు అతని మాటలను అనుమానించడమే పనిగా పెట్టుకున్నవారై ఉండవచ్చు. అలాంటి మనిషికి ఒక కొత్త గొంతు ఫోన్ చేసి "ఇప్పుడు మీ నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే, దాని వెనుక ఏ ఉచ్చు ఉందోనని వెతకడం సహజం. బాగుందంటే చెల్లింపులు ఆగుతాయేమో, బాగా లేదంటే ఉద్యోగం పోతుందేమో అన్న భయం రెండువైపులా లాగుతుంది. ఆ భయం పోగొట్టకుండా సేకరించిన సమాధానాలు ఎన్ని వేలు ఉన్నా వాటికి విలువ తక్కువ.

అందుకు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్నలు అడిగేవారు క్లెయిమ్‌లపై నిర్ణయం తీసుకునే విభాగానికి చెందినవారు కాకూడదు. సాధ్యమైతే సంస్థ బయటివారై ఉండాలి. ప్రశ్నావళిని పని చేసే చోట పంచకూడదు, సూపర్‌వైజర్ చేతుల మీదుగా వెళ్లకూడదు, ఇంటి చిరునామాకు పంపే కవరుపై గాయం ప్రస్తావన ఉండకూడదు. పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న జాబితాను, జవాబులు ఉన్న ఫైలునూ వేర్వేరు చోట్ల, వేర్వేరు వ్యక్తుల దగ్గర ఉంచి, రెండింటినీ ఒక సంకేత సంఖ్యతో మాత్రమే కలపాలి. మొదటి మాటల్లోనే ఈ అర్థం వచ్చేలా చెప్పాలి: "మీరు చెప్పేది మీ క్లెయిమ్ ఫైలులోకి వెళ్లదు. మీ యజమానికి గానీ బీమా సంస్థకు గానీ మీ పేరుతో ఏదీ చేరదు. మీకు ఇష్టం లేని ప్రశ్నను వదిలేయవచ్చు, ఎప్పుడైనా ఆపేయవచ్చు. మీరు పాల్గొన్నా పాల్గొనకపోయినా మీకు రావలసిన వాటిలో ఏ మార్పూ ఉండదు." చెప్పిన ప్రతి మాటనూ నిలబెట్టుకోగలమో లేదో ముందుగానే చూసుకోవాలి. వివాదం నడుస్తున్న క్లెయిమ్‌లో కోర్టు మన రికార్డులను కోరే అవకాశం ఆ ప్రాంతపు చట్టంలో ఉందేమో న్యాయ నిపుణులను అడిగి తెలుసుకుని, ఉంటే ఆ పరిమితిని దాచకుండా చెప్పాలి. ఇవ్వలేని హామీ ఇవ్వడం కంటే ఉన్న పరిమితిని ఒప్పుకోవడమే ఎక్కువ నమ్మకాన్ని తెస్తుంది.

ప్రశ్నలు రాయడం

మంచి ప్రశ్న కార్మికుడి అభిప్రాయాన్ని అడిగే ముందు జరిగిన సంగతిని అడుగుతుంది. "యాజమాన్యం మీకు అండగా నిలిచిందా?" అని అడిగితే వచ్చేది ఒక మొత్తపు భావన. దాని బదులు "గాయమైన మొదటి వారంలో మీ పని చోటు నుంచి ఎవరైనా మిమ్మల్ని పలకరించారా? ఎవరు? ఆ పలకరింపులో మీ ఆరోగ్యం గురించి ఎక్కువ అడిగారా, ఎప్పుడు వస్తారన్నదాని గురించి ఎక్కువ అడిగారా?" అని అడిగితే ఏం జరిగిందో తెలుస్తుంది, దాన్నిబట్టి ఏం మార్చాలో కూడా తెలుస్తుంది. జరిగింది చెప్పాక, దాని గురించి వారికి ఎలా అనిపించిందో అడగవచ్చు. దానికి రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన పద్ధతిలో "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" వరకు ఐదు మెట్ల వరుస సరిపోతుంది.

రెండు విషయాలను ఒకే ప్రశ్నలో ఇరికించడం చాలా తరచుగా కనిపించే లోపం. "మీ సూపర్‌వైజర్, తోటి కార్మికులు మీతో మర్యాదగా ప్రవర్తించారా?" అన్న ప్రశ్నకు, సూపర్‌వైజర్ బాగా చూసుకుని తోటివారు దెప్పిపొడిచిన మనిషి ఏమని జవాబివ్వాలి? దాన్ని రెండుగా విడగొట్టాలి. "త్వరగా పనిలో చేరడం కోలుకోవడానికి మంచిదని మీరు భావిస్తున్నారా?" వంటి ప్రశ్నలో ఏ సమాధానం ఆశిస్తున్నామో ముందే తెలిసిపోతుంది. దాన్ని "మీరు పనిలో చేరిన సమయం మీ దృష్టిలో మరీ ముందుగా జరిగిందా, సరైన సమయమేనా, ఆలస్యమైందా?" అని మార్చాలి. ఆ వెంటనే "ఆ సమయాన్ని నిర్ణయించింది ఎవరు?" అని అడగడం మరవకూడదు. వైద్యుడా, యజమానా, బీమా అధికారా, ఇంట్లో డబ్బు అవసరమా, తన సొంత ఇష్టమా అన్నది తరచుగా మిగిలిన కథనంతా విప్పుతుంది.

తేలికపాటి పని గురించి అడిగేటప్పుడు కాగితానికీ నేలకూ మధ్య ఉన్న దూరాన్ని కొలవాలి. బరువులు ఎత్తకూడదని, గంటకోసారి కూర్చోవాలని, రోజుకు నాలుగు గంటలే పని చేయాలని వైద్యుడు రాసి ఉండవచ్చు. ఆ కాగితం పనిని పంచే మనిషి వరకు చేరిందా? చేరినా, పని ఎక్కువైన రోజున దాన్ని పాటించారా? "మీకు చెప్పిన పరిమితులను దాటి పని చేయాల్సి వచ్చిందా? గత నాలుగు వారాల్లో ఎన్నిసార్లు? అప్పుడు ఎవరికైనా చెప్పగలిగారా?" అన్న మూడు ప్రశ్నలు, సర్దుబాట్లు ఉన్నాయా లేవా అన్న ఒక్క ప్రశ్నకంటే చాలా ఎక్కువ చెబుతాయి. నిజమైన అవసరం లేని పనిలో, రోజంతా ఊరికే కూర్చోబెట్టిన చోట, మనిషి ఎంత చిన్నబోతాడో కూడా అడగాలి. అది కూడా పనిలోకి రావడంగానే లెక్కకు ఎక్కుతుంది కాబట్టి.

క్లెయిమ్ నడిచిన తీరును వేరే భాగంగా ఉంచాలి. నిర్ణయం తెలియడానికి ఎంత కాలం పట్టింది, ఆ మధ్యలో ఇల్లు ఎలా గడిచింది, వచ్చిన ఉత్తరాలు అర్థమయ్యాయా, ఎన్నిసార్లు ఒకే సంగతిని కొత్తగా చెప్పాల్సి వచ్చింది, క్లెయిమ్ చూసే అధికారి ఎన్నిసార్లు మారారు, తన మాట నమ్మారని అనిపించిందా అన్నవి ఇందులో వస్తాయి. మనసు స్థితిని కొలవడానికి కెస్లర్ బృందం 2002లో ప్రచురించిన ఆరు ప్రశ్నల కొలమానం వంటి పరీక్షించిన సాధనాన్ని వాడవచ్చు. అది గత 30 రోజుల్లో కలిగిన దిగులు, ఆందోళన, నిరాశ వంటివాటిని అడుగుతుంది. ఇలాంటి కొలమానంలో మాటలను మనకు నచ్చినట్టు మార్చకూడదు, అనువాదమైతే దాన్ని విడిగా పరీక్షించి ఉండాలి. ఇంకో మాట: ఎవరైనా తీవ్రమైన నిస్పృహ వ్యక్తం చేస్తే వెంటనే ఏం చేయాలో, ఎవరికి అప్పగించాలో ముందే రాసిపెట్టుకోకుండా ఈ ప్రశ్నలు అడగడం తప్పు. చివరగా, గడులు లేని ఒక ఖాళీ చోటు వదలాలి: "మేము అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?"

ప్రశ్నావళి సిద్ధమయ్యాక ఎనిమిది లేదా పది మంది గాయపడిన కార్మికులతో దాన్ని చదివించి, ప్రతి ప్రశ్నా వారికి ఏమని అర్థమైందో వారి మాటల్లో చెప్పమని అడగాలి. "పనిలో చేరారా?" అంటే ఒకరు కార్యాలయానికి వెళ్లి సంతకం పెట్టిన రోజును, మరొకరు మళ్లీ యంత్రం ముట్టుకున్న రోజును గుర్తు చేసుకోవచ్చు. ఈ మెట్టు దాటవేసిన సర్వేలో తరువాత ఎంత గణాంకం చేసినా ఆ తేడా బయటపడదు.

అడిగే పద్ధతి గురించి క్లుప్తంగా: ఫోన్, కాగితం, ముఖాముఖి, ఆన్‌లైన్, వీటిలో కార్మికుడికి వీలైనదాన్ని ఎంచుకోనివ్వాలి. చేతికి గాయమైనవారు రాయలేరు, తలకు గాయమైనవారు తెర ముందు ఎక్కువసేపు కూర్చోలేరు, వినికిడి పోయినవారికి ఫోన్ పనికిరాదు. షిఫ్టు వేళలు తెలుసుకుని పిలవాలి. ఇరవై నిమిషాలు దాటకూడదు, దాటితే మధ్యలో విరామం ఇవ్వాలి. అడిగేవారికి ఇచ్చే శిక్షణలో రెండు నియమాలు గట్టిగా చెప్పాలి: వ్యవస్థను సమర్థించకూడదు, క్లెయిమ్‌పై సలహా ఇవ్వకూడదు.

సమాధానాలు చేతికి వచ్చాక

ముందుగా చూడవలసింది జవాబు ఇవ్వనివారిని. వయసు, గాయం రకం, పనికి దూరంగా ఉన్న రోజులు వంటి వివరాలు జాబితాలోనే ఉంటాయి కాబట్టి, పాల్గొన్నవారినీ పాల్గొననివారినీ వాటిపై పోల్చవచ్చు. పని కోల్పోయి చిరునామా మారినవారే ఎక్కువగా తప్పిపోయారని తేలితే, మన శాతాలు నిజం కంటే మెరుగ్గా కనిపిస్తున్నాయని నివేదిక మొదటి పేజీలోనే రాయాలి. ప్రతి శాతం పక్కనా అది ఎంతమందిలోనో చెప్పాలి. "60 శాతం" అన్నది పది మందిలో ఆరుగురైతే పాఠకుడికి అది తెలియాలి.

కారణాల విషయంలో తొందరపడకూడదు. యజమాని మొదటి వారంలో పలకరించిన కార్మికులు ఎక్కువగా పనిలో నిలిచారని లెక్కలు చూపించవచ్చు. అది పలకరింపు ఫలితమే కావచ్చు, లేదా చిన్న గాయాలైనవారినే సులువుగా పలకరించి ఉండవచ్చు, లేదా పని పోగొట్టుకున్న మనిషి చేదు అనుభవం తరువాత ఆ పలకరింపును మరచిపోయి ఉండవచ్చు. గాయం తీవ్రత ఒకే స్థాయిలో ఉన్నవారిని మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే రెండవ అనుమానం కొంత తీరుతుంది. మూడవది తీరాలంటే అదే మనుషులను రెండుసార్లు అడిగి ఉండాలి.

చిన్న సంస్థల విషయంలో పేరు రాయకపోయినంత మాత్రాన గుర్తింపు దాగదు. ఒక విభాగంలో భుజం గాయమైన మహిళ ఒక్కరే ఉంటే, ఆమె మాటను ఉల్లేఖించిన క్షణంలోనే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పది మంది కంటే తక్కువ ఉన్న వర్గాలను విడిగా చూపకుండా పెద్ద వర్గంలో కలపాలి, ఉల్లేఖనల నుంచి గుర్తు పట్టగల వివరాలు తీసేయాలి, అనుమానం ఉంటే ఆ మాట చెప్పిన మనిషికే చూపించి అనుమతి తీసుకోవాలి.

ఫలితాలు మొదట చేరవలసింది పాల్గొన్నవారికి. సరళమైన భాషలో ఒక పేజీ చాలు: ఎంతమంది మాట్లాడారు, ఎక్కువమంది ఏం చెప్పారు, ఆ విషయాలు ఎవరి ముందు ఉంచాం, వారు ఏం చేస్తామన్నారు. ఏదీ చేస్తామని అనకపోతే ఆ మాట కూడా రాయాలి. రెండవ విడత సర్వే ఉంటే, ఈ పేజీ అందుకున్నవారే మళ్లీ తలుపు తీస్తారు. విడతలన్నీ పూర్తయ్యాక, ఫలితాల పేజీ అందరికీ పంపాక, పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న జాబితాను ముందుగా మాట ఇచ్చిన తేదీకి చెరిపేసి, చెరిపేసినట్టు ఇద్దరు సంతకాలు పెట్టిన కాగితాన్ని సర్వే రికార్డుల్లో ఉంచాలి.